పదిహేడో పోర్టు దగ్గరి మనిషి

అన్న పోయారన్న వార్త నాకు చదవడం రాని అక్షరాల్లో వచ్చింది. ఉదయం తొమ్మిది దాటింది. హోసూరులో మా ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో కూర్చుని ఉన్నాను. అందరం ఉన్న ఫోన్ గ్రూపులో ఆయన ఫోటో, దాని కింద తమిళంలో రెండు వరుసలు, ఆ కింద వరసపెట్టి దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మలు. ఆరేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. తమిళం వింటే అర్థమవుతుంది, తడబడుతూ మాట్లాడతాను, చదవడం మాత్రం రాదు. ఆ ఫోటో చూసి, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేశారేమో, ఆ దణ్ణాలు దేవుడికేమో అనుకున్నాను. అప్పుడే టీ తెచ్చిన అక్కకు ఫోన్ చూపించి, ఏమని రాశారక్కా అని అడిగాను. ఆమె ట్రే బల్ల మీద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అన్న పోయినాడంటమ్మా. మధ్యాన్నమే ఎత్తుతారంట” అంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఫ్యాక్టరీలో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు కాబట్టి రాసినా అది ఆయనలా ఉండదు. తమిళులకూ, కన్నడం వాళ్లకూ, తెలుగువాళ్లకూ ఆయన అన్నే. మూడు భాషల్లోనూ ఆ పిలుపు దాదాపు ఒకటే అయినందువల్ల ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఆయనకంటే నాలుగేళ్లు పెద్దవాడైన మా మేనేజరు కూడా అన్నా అనే పిలిచేవాడు.

మా నెట్‌వర్క్ విభాగానికి అన్న పెద్ద. విభాగమంటే మొత్తం ఇద్దరం, ఆయనా నేనూ. కుందారపల్లి దగ్గర హైవే దిగి లోపలికి పోతే వచ్చే పల్లె ఆయనది. తాతల నాటి నుంచి సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. పొద్దున్నే టమోటా మళ్లకు నీళ్లు పెట్టి, స్నానం చేసి, బస్సెక్కి వచ్చి స్విచ్‌ల ముందు కూర్చునేవారు. ఎంత కడుక్కున్నా గోళ్ల సందుల్లో ఎర్రమట్టి మిగిలే ఉండేది. ఆ వేళ్లతో ఆయన కీబోర్డు మీద కొడుతుంటే మొదట్లో నాకు చిరాకుగా ఉండేది. ఇప్పుడు ఆ కీబోర్డు తుడవడానికి నాకు చేతులు రావడం లేదు.

మా పనేమిటో తెలియని వాళ్ల కోసం కాస్త చెప్పాలి. స్విచ్ అంటే ఇక్కడ దీపం వేసేది కాదు. నలభై ఎనిమిది రంధ్రాలున్న ఇనప పెట్టె. ఒక్కో రంధ్రాన్ని పోర్టు అంటాం. ఒక్కో పోర్టు నుంచి ఒక్కో తీగ బయలుదేరి, గోడల వెంట పాకి, కప్పు మీదుగా వెళ్లి, ఎక్కడో ఒక మనిషి ముందో ఒక యంత్రం వెనకో తేలుతుంది. ఆ తీగలో సమాచారం చిన్న చిన్న మూటలుగా వస్తుంది, ఒక్కో మూటను ప్యాకెట్టు అంటాం. ప్రతి ప్యాకెట్టు మీదా అది ఏ అడ్రస్ నుంచి వస్తోందో రాసి ఉంటుంది. చిక్కంతా అక్కడే. నేను చేరిన మొదటి వారం అన్న నాకు ఇలా చెప్పారు.

“జాబు మీద పంపినోళ్ల పేరు ఎవురైనా రాసుకోవచ్చు గదమ్మా. నేను నీ పేరు రాసి మీ ఇంటికి జాబు వేస్తే మీ అమ్మ నమ్మేస్తాది. మన స్విచ్ కూడా అట్లే, వచ్చినదంతా నమ్మి పంపిస్తాది. ఊరికే నమ్మొద్దని మనం దానికి చెప్పాల. ఈ పోర్టులో నుంచి ఈ అడ్రస్ వస్తేనే పంపు, వేరేది వస్తే ఆడ్నే పారెయ్యి అని. అంతే మన పని.”

నేను రాకముందు ఒకసారి, బయటి నుంచి రిపేరుకు వచ్చిన మనిషి తన ల్యాప్‌టాప్‌ను దొరికిన తీగకు గుచ్చాడట. దాని అడ్రస్, మా ప్రెస్సు యంత్రం అడ్రస్ ఒకటే అయ్యి రెండు ప్రెస్సులు సగంలో ఆగిపోయాయట. అప్పటి నుంచి అన్న ఒక్కో పోర్టుకూ ఈ కాపలా, మా మాటల్లో ఫిల్టర్, పెట్టుకుంటూ వచ్చారు. ఆయన పెట్టే వేగం చూస్తే నాకు నవ్వొచ్చేది. రోజుకు నాలుగు, మహా అయితే ఐదు. కంప్యూటర్ ముందు కూర్చుంటే గంటలో అయిపోయే పని అది.

మూడో నెలలో ఆ తెలివి చూపించాను. స్విచ్ తనంతట తాను కూర్చుకునే ఒక పట్టిక ఉంటుంది. ఏ పోర్టు దగ్గర ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చారో అందులో ఉంటుంది. గేటు పక్కనున్న స్విచ్‌లో ఆ పట్టిక చూసి, అంతా సరిగ్గా ఉందనుకుని, అన్ని పోర్టులకూ ఒకేసారి ఫిల్టర్ పెట్టేశాను. చేత్తో అడ్రస్ పెట్టిన పాత యంత్రాలు ఆ పట్టికలోకి రావని పుస్తకంలో చదివాను కూడా. చదివినది పని దగ్గర గుర్తుకు రావద్దూ! గంట తర్వాత ఫోన్ వచ్చింది. గేటు దగ్గర లారీలు తూచే వే బ్రిడ్జి పలకడం లేదు. లారీలు రోడ్డు దాకా నిలబడిపోయాయి.

అన్న నన్ను ఒక్క మాటా అనలేదు. గొడుగు తీసుకుని, “రామ్మా, పోయి చూద్దాం” అన్నారు. ఇద్దరం తుంపరలో నడిచి వెళ్లాం. వే బ్రిడ్జి గదిలో ఒక ముసలాయన, పదవీ విరమణకు దగ్గర పడ్డ మనిషి, తీగను పీకి, నోటితో ఊది, మళ్లీ పెడుతున్నాడు. గంట నుంచీ అదే పని. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లున్నాయి.

“నేనే ఏమో చేసేసినట్లుండానన్నా. లైటు వెలుగుతా ఉండాది. కానీ పోవడం లేదు. ఇన్నేండ్లలో ఎప్పుడూ ఇట్ల కాలేదు” అన్నాడు.

“నీ తప్పు ఏమీ లేదప్పా. మేము నీ పేరు రాసుకోవడం మరిచిపోయినాము” అన్నారు అన్న. మేము అన్నారు. అక్కడే నిలబడి తన ల్యాప్‌టాప్‌లో ఆ అడ్రస్ రాశారు. తూకం అంకెలు కదిలాయి. ఆయన భుజం తట్టి, టీ తాగినావా అని అడిగి, బయటికొచ్చి లారీవాళ్లకు తమిళంలో క్షమాపణ చెప్పి, అప్పుడు నా వైపు తిరిగారు.

“లిస్టు చూసినావు. మంచిదే. ఆ చివర ఎవురుండారో పోయి చూసినావా?”

లేదన్నా, అన్నాను.

“లారీలు ఈపొద్దు కాకుంటే రేపు పోతాయిలే. ఆ పెద్దాయన గంటసేపు తప్పు తనదే అనుకోని కూర్చున్నాడు చూడు, అదమ్మా మనం చేసిన తప్పు” అన్నారు.

ఆ రోజే నాకు ఆయన నోట్‌బుక్ చూపించారు. పొడుగాటి అట్టల పుస్తకం. ప్రతి పేజీలో చేత్తో గీసిన నాలుగు గళ్లు. మొదటిది పోర్టు నంబరు, రెండోది అడ్రస్, మూడోది ఆ తీగ చివర ఎవరున్నారన్నది. నాలుగో గడి పేరు ‘పోయి చూసినాను’. ఒక పోర్టుకు ఫిల్టర్ పెట్టాలన్నా, పట్టికలోంచి ఒక అడ్రస్ తీసెయ్యాలన్నా, ముందు ఆ తీగ చివరి దాకా నడిచి, అక్కడున్న మనిషిని పలకరించి వచ్చి, నాలుగో గడి నింపాలి. నింపకుండా ఆయన ఏదీ చేసేవారు కాదు. రోజుకు నాలుగు పోర్టులే ఎందుకు అవుతాయో అప్పుడర్థమైంది.

అన్న చదువంతా తమిళంలో సాగింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరాలు ఆయనకు రావు. అందుకని ఆ పుస్తకం నిండా తమిళ అక్షరాల్లో తెలుగు రాసుకున్నారు. నాకు చూస్తే తెలియదు, ఆయన చదివితే నా భాషే. అడిగినప్పుడల్లా చదివి వినిపించేవారు. “ముప్పై రెండు. పెయింటు షాపు. పోయి చూసినాను. ఆయమ్మ ఉండాది. మోకాలి నొప్పి.” ఇంకోటి. “నలభై. స్టోర్స్. పోయి చూసినాను. మనిషి మారినాడు. కొత్తాయన రాయకోట నుంచి వస్తాడు, శానా భయం.” నేను పడీ పడీ నవ్వేదాన్ని. మోకాలి నొప్పికీ ఫిల్టర్‌కీ ఏమిటన్నా సంబంధం అంటే, “నొప్పి ఉంటే ఆయమ్మ సీటు మార్చమని అడుగుతాది. సీటు మారితే పోర్టు మారుతాది. సంబంధం లేకుండా ఎట్ల పోతాది?” అనేవారు. వాదనలో ఆయన్ని గెలవడం నా వల్ల కాలేదు.

ఆయనతో నడవడమంటే మామూలు విషయం కాదు. నూటయాభై అడుగుల దూరానికి ముప్పావు గంట పట్టేది. దారిలో కనపడిన ప్రతివాళ్లతో ఒక మాట. తమిళంలో ఒకరి బిడ్డ పరీక్షల గురించి, కన్నడంలో ఇంకొకరి ఆవు ఈనడం గురించి. మామిడికాయల కాలంలో ల్యాప్‌టాప్ సంచిలో ల్యాప్‌టాప్ ఉండేది కాదు, తోతాపురి కాయలుండేవి. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చేవారు. నా తెలుగును వెక్కిరించడం ఆయనకు సరదా. మాది తెనాలి దగ్గర పల్లె. నేను వచ్చాను, వెళ్లాను అంటే, “మీ తెలుగు సినిమాలో మాట్లాడినట్లుంటాదమ్మా, టికెట్ కొని వినాల” అనేవారు. ఈ ఊరికి ఎవరూ తెలియకుండా వచ్చిన నాకు, జ్వరమొచ్చి మూడు రోజులు ఆఫీసుకు రాకపోతే గది తలుపు తట్టి క్యారియర్లో రాగి సంగటీ అనపకాయల పులుసూ తెచ్చిపెట్టిన మనిషి ఆయన. తలుపు తీయగానే ఆయన అన్నది ఒకటే. “ఏం లేదమ్మా, పోయి చూసొద్దామని వచ్చినాను.”

ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి చెప్పాలి. నెల రోజులు ఎవరూ వాడని పోర్టు దగ్గర పాత అడ్రస్ పట్టికలో ఉండకూడదు. ఎవరో వచ్చి ఆ ఖాళీ సీట్లో కూర్చుని, ఆ అడ్రస్ పెట్టుకుంటే స్విచ్ నమ్మేస్తుంది. “వాటంతట అవి వచ్చిన అడ్రస్‌లు గడువైతే వాటంతట అవే పోతాయి. మనం చేత్తో రాసినవి మాత్రం మనమే తీయాల. మనం తీయకుంటే అవి ఉండిపోతాయి” అని ఎన్నిసార్లు చెప్పారో. అలా చేత్తో రాసినవాటిలో ఆయనదీ ఒకటి. మా అంతస్తులోని స్విచ్‌లో పదిహేడో పోర్టు. ఆ సీటు నుంచి, ఆ ఒక్క అడ్రస్ నుంచి మాత్రమే ఫ్యాక్టరీలోని అన్ని స్విచ్‌లనూ మార్చే వీలుండేది. తర్వాత నాకూ అలాంటిది ఇంకొకటి ఇచ్చారు.

పోయిన చలికాలంలో ఆయనకు కడుపునొప్పి మొదలైంది. బెంగుళూరులో చూపిస్తే లోపల గడ్డ ఉందన్నారు, మందులెక్కించాలన్నారు. సెలవు పెట్టే ముందు రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నోట్‌బుక్ తీశారు. “ఇది నీ తావ పెట్టుకోమ్మా, నేను వచ్చేదాకా” అన్నారు. నేను అప్పటికే ఒక షీట్ తయారుచేసి పెట్టాను. మీరు చదువుతూ ఉండండన్నా, నేను కంప్యూటర్లోకి ఎక్కించేస్తాను, అక్షరాలు నాకెలాగూ రావు కదా అన్నాను. ఆయన చదువుతూ పోయారు. పోర్టు, అడ్రస్, ఎవరు. నాలుగో గడి మొదలుపెట్టగానే, “అది అక్కర్లేదులే అన్నా, షీట్‌లో చోటు చాలదు” అన్నాను.

కంప్యూటర్లో చోటు చాలకపోవడం ఏమిటి? ఆయనకు తెలియదా? ఒక్క క్షణం నా వైపు చూసి, సరేలే అని మిగతా మూడు గళ్లే చదివారు. సాయంత్రం ఆ పుస్తకాన్ని సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయారు. నేను వద్దన్న పుస్తకం అది.

ఆయన సెలవులో ఉన్న రోజుల్లో వారానికోసారి ఫోన్ చేసేవారు. వచ్చే సోమవారం వస్తా, వచ్చే నెల తప్పకుండా వస్తా అనేవారు. నెల దాటిన రోజున నా షీట్‌లో తొమ్మిది వరసలు ఎర్రగా మారాయి. గడువు దాటితే ఎర్రబడేలా నేనే ఏర్పాటు చేసుకున్నాను. ఆ తొమ్మిదిలో అన్న పదిహేడో పోర్టూ ఉంది. చూడలేదని అబద్ధం చెప్పను. చూశాను. నియమం ఆయనదే కదా, వచ్చాక మళ్లీ రాసుకోవచ్చు, నిమిషం పని అనుకున్నాను. తొమ్మిదింటినీ ఒకేసారి ఎంచి తీసేశాను. ఆయన సీటు నా సీటుకు పదిహేను అడుగుల దూరం. లేచి వెళ్లలేదు.

ఇంకో రెండు నెలలు గడిచాయి. ఒక శుక్రవారం నేను కృష్ణగిరి దగ్గరున్న మా గోదాముకు వెళ్లాను. కొత్త స్విచ్ పెట్టాలి. నిచ్చెన మీద ఉండగా జేబులో ఫోన్ మోగింది. రెండు చేతుల్లో తీగలున్నాయి, తీయలేదు. దిగి చూస్తే అన్న. ఏదో ఒక పనిలో పడి సాయంత్రం బస్సెక్కాక గాని తిరిగి చేయలేదు.

“ఏం లేదమ్మా, సుమ్నే చేసినాను” అన్నారు. ఊరికే అనడానికి ఆయన ఎప్పుడూ ఆ కన్నడం మాటే వాడేవారు. గొంతు బాగా నీరసంగా ఉంది. “యాడ ఉండావు?”

“గోదాము నుంచి వస్తున్నానన్నా. ఇప్పుడే మీ కుందారపల్లి దాటాను. ఎలా ఉన్నారు? ఎప్పుడొస్తున్నారు?”

“ఫిల్టర్ బాగా పని చేస్తా ఉండాదమ్మా. బాగా చేసినావు” అన్నారు. గోదాములో నేను పెట్టిన దాని గురించే అంటున్నారనుకుని, మీరు నేర్పిందే కదన్నా అని నవ్వాను. ఆయన కూడా నవ్వారు. ఆ తర్వాత వారం ఫోన్ రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మూడో వారంలో ఆ ఫోటో వచ్చింది.

ఆ మధ్యాహ్నం కంపెనీ వ్యాన్‌లో వెళ్లాం. ఆయన ఇంటి ముందు జనం మధ్య నిలబడి చుట్టూ చూస్తే నాకు ఫ్యాక్టరీ స్విచ్‌లన్నీ మనుషులై వచ్చి నిలబడినట్టనిపించింది. పెయింటు షాపు ఆమె మోకాలు పట్టుకుని అరుగు మీద కూర్చుంది. రాయకోట నుంచి వచ్చే స్టోర్స్ అతను పాడె మోశాడు. పదవీ విరమణ చేసిన వే బ్రిడ్జి పెద్దాయన కొడుకు భుజం పట్టుకుని ఎండలో వచ్చాడు. నా దగ్గరికొచ్చి, “నీ తప్పు ఏమీ లేదప్పా అన్నాడమ్మా ఆ దినం. మా ఇంట్లో ఇంకా చెప్పుకుంటాము” అని ఏడ్చాడు.

మర్నాడు ఆఫీసులో టీ అక్క నా బల్ల దగ్గర ఆగింది. “అన్న ఆ శుక్రవారం వచ్చి పోయినాడు గదమ్మా, నువ్వు లేని దినం. కడసారి చూపు చూసుకోనీకే వచ్చినట్లుండాది” అంది.

ఏ శుక్రవారం అక్కా, అన్నాను.

“నువ్వు కృష్ణగిరికి పోయినావే, ఆ దినం. చొక్కా కంటే సన్నగా అయిపోయినాడు. ఆయన సీట్లోనే కూర్చున్నాడు. టీ ఇస్తే తాగలేదు. వైరు పీకతాడు, పెడతాడు. పీకతాడు, పెడతాడు. నేను రెండో తూరి వచ్చి చూసినప్పుడు ఊరికే దాన్ని చూస్తా కూర్చోనుండాడు.”

కుర్చీ కంప్యూటర్ వైపు తిప్పుకున్నాను. మా స్విచ్‌లు తాము పారేసిన ప్రతి ప్యాకెట్టు గురించీ ఒక చోట వరస రాసి పెడతాయి. ఆ ఏర్పాటు చేసిందీ అన్నే. ఆ శుక్రవారం వరసలు తీశాను. పదిహేడో పోర్టు. అన్న అడ్రస్. అనుమతి లేదు. పదిహేడో పోర్టు. అన్న అడ్రస్. అనుమతి లేదు. పది గంటల యాభై నిమిషాల నుంచి పదకొండు ముప్పై ఎనిమిది దాకా, తెర జరిపినకొద్దీ అదే వరస. నలభై ఎనిమిది నిమిషాలు. పదకొండు ఇరవైకి నాకు ఫోన్ చేసింది ఆయన సీట్లో నుంచే. తీగ పెట్టగానే దీపం వెలిగే ఉంటుంది. స్విచ్ ఆయన పంపేదంతా వింటూనే ఉంటుంది. పారేస్తూనే ఉంటుంది. బతికి ఉండగానే ఆయన పేరు కొట్టేసింది నేను.

ఆ రోజు ఉదయం నేను కృష్ణగిరి వైపు, ఆయన హోసూరు వైపు. మధ్యలో వచ్చే షూలగిరికి అటూ ఇటూ ఎక్కడో మా బస్సులు ఎదురుపడే ఉంటాయి.

పదకొండో రోజు ఒక్కదాన్నే వాళ్లింటికి వెళ్లాను. వదిన నన్ను లోపల కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. చెప్పకుండా ఉండలేకపోయాను. అంతా చెప్పేశాను. షీట్, ఎర్ర వరసలు, తొమ్మిదింటిని ఒకేసారి తీసెయ్యడం, తీయని ఫోను. ఆయన ఏమైనా అన్నారా వదినా అని అడిగాను. తిట్టారని చెప్పి ఉంటే బాగుండేది.

“తిట్టలేదమ్మా. నవ్వినాడు. ఆ పాప నేను చెప్పినట్లే చేసింది, నన్ను కూడా వదల్లేదు అని నవ్వినాడు.” ఆమె నా చేతిలోని గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. “ఆ దినం వరకూ పొద్దున లేస్తే, వచ్చే వారం డ్యూటీకి పోతాను, చొక్కా ఇస్త్రీ చేసి పెట్టు అనేవాడు. ఆ దినం నుంచి మళ్లీ అనలేదు. నీ మీద కోపం లేదమ్మా నాకు. అడిగినావని చెప్తా ఉండాను.”

చిలక్కొయ్యకు ఇస్త్రీ చొక్కా ఇంకా వేలాడుతోంది. నేను దాని వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను.

కృష్ణగిరిలో కాలేజీ చదువుతున్న వాళ్లమ్మాయి లోపలి నుంచి నోట్‌బుక్ తెచ్చింది. “నాన్న ఇది మీకు ఇమ్మన్నాడక్కా. అక్షరాలు రావంట గదా, నువ్వు చదివి చెప్పు అన్నాడు” అంది. నా పక్కన కూర్చుని చివర రాసిన పేజీ తీసింది. సన్నటి గొంతు. ఆ గొంతులోంచి ఆయన మాటలే వచ్చాయి.

“పదిహేడు. అడ్రస్ కొట్టేసుండాది. ఆ చివర ఎవురు అంటే... నేను.” అమ్మాయి ఆగి నా మొహం చూసింది. తర్వాత నాలుగో గడి చదివింది. “పోయి చూసినాను. మనిషి లేడు.”

నేను నింపని గడి ఆయన నింపి వెళ్లారు. ఎవరైనా వెళ్లి చూడాలి కదా. ఎవరూ వెళ్లలేదు. అందుకని ఆ ఒంటితో బస్సెక్కి, తన సీటు దాకా తనే వెళ్లి, చూసి, ఇంటికొచ్చి రాసుకున్నారు. ఆ రోజు నేను నా బల్ల దగ్గర నుంచి లేచి పదిహేను అడుగులు నడిచి ఉంటే ఏం కనిపించేది? బల్ల మీద ఆయన కళ్లజోడు. కుర్చీకి తగిలించిన తువ్వాలు. సొరుగులో సగం రాసిన చీటీల కట్ట. అవన్నీ చూసి ఉంటే నాలుగో గడిలో, మనిషి వస్తాడు అని రాసేదాన్ని. పదిహేడును ముట్టుకునేదాన్ని కాదు. ఆయన ఆ శుక్రవారం వచ్చి, తీగ గుచ్చి, కాసేపు ఏదో పని చేసుకుని, టీ తాగి వెళ్లేవారు. బతికేవారని అనను. డాక్టర్లు అప్పటికే చెప్పేశారట. కానీ ఇస్త్రీ చొక్కా అడుగుతూ పోయేవారు.

ఇప్పుడా పుస్తకం నా దగ్గరుంది. షీట్‌లో నాలుగో గడి పెట్టాను. నేనూ రోజుకు నాలుగు పోర్టులే చేస్తున్నాను. పెయింటు షాపు ఆమె మోకాలికి ఆపరేషన్ అట, వచ్చే నెల సీటు మారుతుంది. వే బ్రిడ్జి గదిలో ఇప్పుడున్నామెకు కవల పిల్లలు. ఇవన్నీ రాస్తున్నాను. తమిళ అక్షరాలు అన్న కూతురే ఫోన్‌లో నేర్పిస్తోంది. కూడబలుక్కుని చదవడం వచ్చింది.

నిన్న భోజనాల వేళ అందరూ క్యాంటీన్‌కు వెళ్లాక, లేచి, ఆ పదిహేను అడుగులూ నడిచి ఆయన సీట్లో కూర్చున్నాను. బల్ల కింద వేలాడుతున్న తీగను తీసి నా ల్యాప్‌టాప్‌కు గుచ్చాను. పచ్చ దీపం వెలిగింది. నా అడ్రస్ ఆ పోర్టుకు చెందినది కాదు, దేనికీ జవాబు రాలేదు. పీకి మళ్లీ పెట్టాను. దీపం వెలిగింది. టీ అక్క వచ్చి చూసి, ఏమీ అడక్కుండా గ్లాసు పెట్టి వెళ్లింది. నలభై ఎనిమిది నిమిషాలు అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. తర్వాత నా బల్ల దగ్గరికి వెళ్లి ఆ పోర్టు గురించి స్విచ్ రాసిన వరసలు తెరిచాను. పదిహేడో పోర్టు, అన్న అడ్రస్, అనుమతి లేదు. ఆ వరసలన్నీ అయ్యాక, ఆ కిందనే, పదిహేడో పోర్టు, నా అడ్రస్, అనుమతి లేదు.